కచేరీ కొండెక్కిన కాలం: ఊటీ సీజను కథ

"ఈ ఎండలకు ఎక్కడికైనా చల్లటి చోటికి పోయి నాలుగు రోజులుండి వద్దామండీ" అన్న మాట ఏప్రిల్ నెల వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ వినబడేదే. మన పెన్షనరు మిత్రులలో చాలామంది సర్వీసులో ఉండగా ఎల్.టి.సి. మీద ఊటీ చూసివచ్చినవారే. బొటానికల్ గార్డెన్, బోటు షికారు, దొడ్డబెట్ట, కొండ రైలు చూసుకుని, నీలగిరి తైలం సీసాలూ టీ పొడి పొట్లాలూ సంచిలో వేసుకుని, పిల్లలకు జలుబు పట్టించుకుని మరీ ఇంటికి చేరాము. అయితే మనం అక్కడ చూసిన వినోదాలలో చాలావాటి వెనుక ఒక ప్రభుత్వ కార్యాలయపు చరిత్ర ఉన్నదన్న సంగతి యాత్రా కరపత్రాలలో కనబడదు. ఊటీ సీజను అనేది కొంత ప్రకృతి ఇచ్చినది, కొంత సర్కారు ఉత్తర్వు ఇచ్చినది. జీవితమంతా ఉత్తర్వుల మధ్య గడిపిన మనవంటివారికి ఆ రెండవ భాగం మీద ఆసక్తి ఉండడం సహజం. అందుకే ఈ వ్యాసం.

ముందు ప్రకృతి సంగతి చెప్పుకుందాము. ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. వెయ్యి మీటర్లు పైకి పోతే వేడి సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని భూగోళ శాస్త్రం చెప్తుంది. మే నెలలో విజయవాడ, రామగుండం 44, 45 డిగ్రీల దగ్గర ఉడికిపోతుంటే ఊటీలో పట్టపగలు 22, 23 డిగ్రీలు దాటడం అరుదు. తెల్లవారుజామున 11, 12 డిగ్రీలకు దిగుతుంది. జూన్‌లో నైరుతి ఋతుపవనం వచ్చి కొండమీద పడిందంటే ఇక గొడుగు ముడిచే పని ఉండదు. అందువల్ల ఏప్రిల్, మే అసలు సీజను. వానలు వెనుకపట్టాక సెప్టెంబరు, అక్టోబరు రెండవ సీజను. డిసెంబరు, జనవరి రాత్రులలో గడ్డిమీద మంచు పేరుకుని తెల్లవారేసరికి మైదానం సున్నం చల్లినట్లు ఉంటుంది.

ఈ చల్లదనం ఇంగ్లీషువారు కనిపెట్టినది కాదు. వారికి ఎన్నో తరాల ముందు నుంచే ఆ కొండలమీద తోడలు గేదెలను మేపుకుంటూ, బడగలు సేద్యం చేసుకుంటూ, కోటలు కుండలు, ఇనుప పనిముట్లు చేసి ఇస్తూ బ్రతికారు. తోడల ఇళ్ళ గుంపును తమిళంలో 'మందు' అంటారు. మన తెలుగు 'మంద'కు అది దగ్గర చుట్టమే. పశువులున్న చోటే మనుషులున్నారు గదా! ఇంగ్లీషువారు ఊటకమండ్ అని పలికిన పేరులోని చివరి ముక్క ఇదే. ఆ పేరు పలకలేక వారే ఊటీ అని కుదించుకున్నారు. ఇప్పుడు ప్రభుత్వ కాగితాలలో ఉదగమండలం అని వ్రాస్తున్నా జనం నోట ఊటీయే నిలిచింది.

కోయంబత్తూరు కలెక్టరుగా ఉన్న జాన్ సలివన్ 1819లో ఈ కొండలెక్కాడు. అంతకు ముందు సర్వేవారు, ఆయన కింది అసిస్టెంట్లు ఎక్కి చూసి వచ్చారు గాని, అక్కడ ఇల్లు కట్టి కాపురం ఉండాలన్న పట్టుదల సలివన్‌దే. 1822లో ఊటీలో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. స్టోన్‌హౌస్ అని దాని పేరు. ఊళ్ళో కట్టిన మొదటి బంగళా అదే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ దానితో పని ఉన్నది.

1823 నుంచి 1825 వరకు లోయలోని వాగులకు అడ్డుకట్ట వేయించి ఒక చెరువు చేయించాడు. మనం టిక్కెట్టు కొని బోటెక్కిన ఊటీ సరస్సు అదే. దేవుడు ఇచ్చిన సరస్సు కాదు, కలెక్టరు తవ్వించిన చెరువు. బంగాళాదుంప మొదలైన సీమ కూరగాయలను ఆ కొండమీద పండించి చూపినదీ ఆయనే. భూమి మాత్రం తోడల వద్ద ఎకరం రూపాయి చొప్పున తీసుకున్నాడని చెప్తారు. ధర చూస్తే నవ్వు, కోపం రెండూ వస్తాయి. కాని ఒక న్యాయం కూడా చెప్పాలి. ఈ కొండలు తోడల సొత్తు, వారికి పరిహారం ఇవ్వకుండా సర్కారు పట్టా చేసుకోరాదు అని మద్రాసు ప్రభుత్వంతో వాదించిన అధికారి కూడా సలివనే. ఆయన వాదం పూర్తిగా నెగ్గలేదు. 1838లో ఆయన భార్య, కూతురు కొద్ది వ్యవధిలో అక్కడే పోయారు. సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఆవరణలో వారి సమాధులున్నాయి. ఆ చర్చి 1830లో పూర్తయింది. దానికి వాడిన పెద్ద దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను భవనం నుంచి తెచ్చినవి. ఊటీ వెళ్ళే మనవారు ఈ చర్చిలోకి పోయి ఆ దూలాలు చూసి రావడం తక్కువ. అయిదు నిమిషాల పని, చూడవలసిన వస్తువు.

దొరలు కొండకు వెళ్ళడం మొదట విహారం కోసం కాదు, ప్రాణభయంతో. మైదానంలో జ్వరాలకూ, కలరాకూ వారు పిట్టల్లా రాలిపోయేవారు. చల్లటి చోట నెల రోజులుంటే రోగి లేచి కూర్చుంటాడని వైద్యులు సిఫారసు చేసేవారు. 1834లో గవర్నరు జనరల్ బెంటింక్ ఊటీలో మకాం వేశాడు. లా మెంబరుగా సీమ నుంచి కొత్తగా వచ్చిన మెకాలేను అక్కడికే రమ్మన్నాడు. మెకాలే మద్రాసు నుంచి ఊటీకి సుమారు 400 మైళ్ళు పల్లకీలో, అంటే బోయీల భుజాలమీద వెళ్ళాడు. మన దేశంలో ఇంగ్లీషు చదువుకు దారి వేసిన పెద్దమనిషి తొలి ప్రయాణం ఇది. చేరేసరికి జూన్ నెలాఖరు, కొండమీద వానాకాలం. సీజను తప్పి ఊటీ వెళ్ళినవారి జాబితాలో ఆయన పేరు మొదట వ్రాసుకోవచ్చు.

ఇక అసలు కథ. 1870 ప్రాంతానికి మద్రాసు ప్రభుత్వం ఏటా వేసవికి ఊటీకి తరలిపోవడం అలవాటుగా స్థిరపడింది. అంతకుముందు 1864లో సర్ జాన్ లారెన్సు హయాంలో భారత ప్రభుత్వం కలకత్తా నుంచి సిమ్లాకు ఇలాగే తరలడం మొదలుపెట్టింది. పెద్ద కచేరీ చేసిన పని చిన్న కచేరీ చేయకుండా ఉంటుందా? గవర్నరు, కౌన్సిలు మెంబర్లు, సెక్రటరీలు, వారి వెనుక గుమాస్తాలు, జవాన్లు, దస్త్రాల పెట్టెలు అన్నీ కొండెక్కేవి. సలివన్ రాతి ఇంటిని చేర్చుకుని సెక్రటేరియట్ కట్టారు. సంవత్సరంలో ఆరు నెలలదాకా గంజాం నుంచి తిరునల్వేలి వరకు ఉన్న రాజధాని పాలన అక్కడ నుంచే సాగిన కాలం ఒకటి ఉన్నది.

ఇక్కడ మన ప్రాంతపు మాట రాక తప్పదు. కోస్తా జిల్లాలు, రాయలసీమ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు పాలనలోనివే. అంటే మన తాతల కాలంలో కర్నూలు రైతు పెట్టుకున్న అర్జీ అయినా, రాజమండ్రి ఆనకట్ట మరమ్మతు అంచనా అయినా, వేసవిలో పెద్ద సంతకం కావాలంటే మద్రాసు దాటి నీలగిరుల దాకా పోవలసిందే. టెలిగ్రాఫు ఉన్నదనుకోండి. అయినా కాగితం కదిలే వేగం ఎంతో మనకు తెలియనిది కాదు. ఒక దృష్టాంతం చెప్తాను. 1875 నుంచి 1880 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం హయాంలోనే ఊటీలో గవర్నరు భవనం లేచింది. 1876-78 నాటి మహా క్షామం కూడా ఆయన హయాంలోనే వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలలో జనం గుంపులు గుంపులుగా చనిపోయిన క్షామం అది. మన కోస్తాలో పారే బకింగ్‌హాం కాలువకు ఆయన పేరు పెట్టినది ఆ రోజులలో కరువు పని కింద అక్కడ తవ్వించినందుకే. ఒకే దొరగారి పేరుమీద ఒక చోట కరువు కూలీల కాలువ, మరొక చోట కొండమీద భవనం. ఆ భవనం తరువాత రాజభవన్ అయింది. బొటానికల్ గార్డెన్ పక్కనే ఉన్నది.

ఈ వలసను పత్రికలు తీవ్రంగా విమర్శించాయి. రాజధానిలో ప్రజలు ఎండలో, పాలకులు కొండలో అన్నదే వారి ఆక్షేపణ. ఖర్చు ఒక ఎత్తు, ప్రజలకు అధికారి దొరకకపోవడం మరొక ఎత్తు. పాలకులవైపు వాదన కూడా కాస్త వినవలసిందే. చల్లటి చోట పని ఎక్కువ జరుగుతుందని వారన్నారు. కూలింగు మిషన్లున్న గదులలో కూర్చుని పనిచేసిన నేటి అధికారులు దీన్ని కొట్టిపారేయలేరు. కాని నా మట్టుకు పత్రికలవారి మాటే న్యాయమనిపిస్తుంది. చల్లదనం పనికోసమైతే కింది గుమాస్తాలందరినీ తీసుకుపోవాలి గదా! పెద్దల వెంట పోయినవారు కొద్దిమంది. మిగిలిన సిబ్బంది, జిల్లాలలోని కచేరీలు, పంకా తాడు లాగే మనిషితో సహా, కిందనే ఉన్నారు.

గవర్నరుకు ఊటీ అయితే జిల్లా కలెక్టర్లకు వారి వారి కొండలు. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్స్‌లీ మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండమీద వేసవి విడిది ఏర్పాటు చేసుకున్నాడు. మన హార్స్‌లీ హిల్స్ ఆయన పేరే. ఎత్తు 1,265 మీటర్లు. ఊటీలో సగం ఎత్తు, ఊటీలో పదోవంతు జనం కూడా ఉండరు. ఇది ప్రచారం కోసం చెప్పడం లేదు, మోకాళ్ళ నొప్పులున్నవారి కోసం చెప్తున్నాను.

కచేరీ వచ్చింది కనుక కచేరీ అయిపోయాక కాలక్షేపం కావాలి. ఊటీ వినోదాలలో చాలావాటి పుట్టుక ఇదే. ఊటీ క్లబ్బు 1841లో వచ్చింది. జబల్‌పూరులో 1875లో నెవిల్ చాంబర్లెన్ అనే సైనికాధికారి సరదాగా మొదలుపెట్టిన స్నూకరు ఆటకు 1882లో నియమాలు వ్రాసి అంటించినది ఈ క్లబ్బు బిలియర్డు గదిలోనే. (తరువాత ఇంగ్లండు ప్రధాని అయిన చాంబర్లెన్ వేరు, ఈయన వేరు.) సీమలో నక్కలను వేటాడినట్లు ఇక్కడ గుర్రాలెక్కి, కుక్కలను వదిలి గుంటనక్కలను తరిమేవారు. ఆ వేట సాగిన పచ్చిక బయళ్ళకు వెన్‌లాక్ గవర్నరు పేరు పెట్టారు. మనవారు సినిమా షూటింగు స్పాట్ అని చూసివచ్చేది ఆ బయళ్ళలోనే. చదువుకునేవారికి 1859లో నీలగిరి లైబ్రరీ పెట్టారు. గుర్రప్పందేలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఇవన్నీ చేరి 'సీజను' అన్న మాట పుట్టింది. మొదట్లో అందులో మనవారికి చోటు మహారాజులకు, జమీందార్లకు మాత్రమే. మైసూరు వారికి ఫెర్న్‌హిల్ భవనం, జోధ్‌పూరు వారికి ఆరన్‌మోర్, హైదరాబాదు నిజాముకు సెడార్స్. మిగతా దేశస్థులు ఆ ఊళ్ళో పల్లకీ మోసినవారు, తోట తవ్వినవారు, వంట చేసినవారు, దస్త్రం వ్రాసినవారు.

బొటానికల్ గార్డెన్ కథ మాత్రం నాకు చాలా ఇష్టం. 1847లో ఊళ్ళోని దొరలు చందాలు వేసుకుని కూరగాయల తోట ఒకటి పెట్టారు. సరసమైన ధరకు కాబేజీ, కారెట్టు దొరకాలన్నదే ఆశయం. మన హౌసింగ్ కాలనీలలో సహకార దుకాణం పెట్టినట్లే! అది సరిగా నడవలేదు. అలాంటివి నడవకపోవడం కూడా మనకు కొత్త కాదు. 1848లో ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనం నుంచి మెక్‌ఐవర్ అనే తోట నిపుణుడు వచ్చాడు. చిత్తడి నేలను, గుట్ట వాలును మెట్లు మెట్లుగా కోసి, దాదాపు 55 ఎకరాల తోటగా తీర్చడానికి ఆయనకు ఎన్నో ఏళ్ళు పట్టింది. మలేరియాకు మందైన క్వినైను ఇచ్చే సింకోనా చెట్లు దక్షిణ అమెరికా నుంచి 1860 ప్రాంతంలో వచ్చినప్పుడు వాటిని నీలగిరులలో బ్రతికించినది కూడా ఆయనే. మన్యం జ్వరాల కాలంలో చేదు మాత్రలు మింగినవారు ఆయనకు కొంచెం ఋణపడి ఉన్నారు. తోట పైభాగంలో తోడల మందు ఒకటి ఉన్నది. చాలామంది కింది పచ్చికలోనే కూర్చుని ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఓపిక ఉంటే పైదాకా ఎక్కి చూడండి. తోట ముందా, మందు ముందా అన్న ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. ఎరుపు, నలుపు దారాలతో తోడ స్త్రీలు కుట్టే శాలువలకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొంటే వారి వద్దనే కొనడం మంచిది.

పుష్ప ప్రదర్శన 1896లో మొదలైంది. కరోనా వంటి కారణాలవల్ల కొన్నేళ్ళు ఆగినా 2025 మే నెలలో 127వ ప్రదర్శన జరిగింది. మనం వెళ్ళి రెండు గంటలు చూసి వచ్చే ఆ పూల వెనుక అయిదారు నెలల పని ఉంటుంది. చలికాలంలోనే విత్తనాలు వేసి, నారు కుండీలలోకి మార్చి, వేల కుండీలు సరిగ్గా మే మూడో వారానికి విచ్చేటట్లు లెక్క చూడాలి. ముందు పూస్తే వాడిపోతాయి, వెనుక పూస్తే సందర్శకులుండరు. మార్చి నెలాఖరు ఖర్చుల లెక్క కంటే కష్టమైన లెక్క ఇది. కూనూరులో 1874లో ఏర్పడిన సిమ్స్ పార్కులో ఇదే నెలలో పండ్ల ప్రదర్శన, కోటగిరిలో కూరగాయల ప్రదర్శన ఉంటాయి. పుష్ప ప్రదర్శన శతవార్షికం జ్ఞాపకంగా 1995లో ఎల్క్ హిల్ వాలుమీద గులాబీ తోట వేశారు. ఆ పేట పేరు విజయనగరం. తెలుగువారికి ఆ మాట వినగానే ఒళ్ళు పులకరించడం ఖాయం.

ఈ సీజనును సామాన్యుడికి తెరిచినది రైలు. కొండకు రైలు వేయాలన్న ఆలోచన 1854 నాటిది. 1873లో మైదానపు రైలు మేట్టుపాళయం వరకు వచ్చింది. అక్కడి నుంచి గుర్రపు టాంగాలు, ఎద్దుబళ్ళు. కూనూరు వరకు కొండ రైలు 1899 జూన్‌లో తెరిచారు. ఊటీ వరకు 1908 అక్టోబరులో వచ్చింది. ఆలోచనకూ ఆచరణకూ మధ్య 54 ఏళ్ళు! మొత్తం దూరం 46 కిలోమీటర్లు. ఈ దూరంలో 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్లకు ఎక్కుతుంది. 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. కల్లారు నుంచి కూనూరు వరకు ఏటవాలు ఎంతంటే, పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. మామూలు రైలు చక్రం అంత వాలుమీద జారిపోతుంది. అందుకని రెండు పట్టాల మధ్య పళ్ళున్న రెండు ఇనుప కమ్మీలు పక్కపక్కనే బిగించారు. ఒక కమ్మీ పన్ను ఉన్న చోట రెండవ దాని సందు వస్తుంది. ఇంజను అడుగున ఉన్న పళ్ళ చక్రం ఈ పళ్ళను ఒకటొకటిగా పట్టుకుని ఎక్కుతుంది. ఏ క్షణంలోనైనా ఒక పన్ను పట్టులో ఉండి తీరుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఇంజను ముందుండి లాగదు, వెనుక నుంచి నెడుతుంది. ఏదైనా తెగిపోతే పెట్టెలు ఇంజనుమీదనే ఆగాలి గాని లోయలోకి పోరాదన్నది అందులోని జాగ్రత్త. ప్రతి పెట్టె ముందు అరుగుమీద ఒక బ్రేకుమనిషి నిలబడి ఉంటాడు. ఇంజను కూత సంకేతాన్ని బట్టి అందరూ ఒక్కసారిగా తమ తమ బ్రేకులు తిప్పుతారు. ఆ మనుషులను గమనించండి. ఎండ, వాన, పొగ, సొరంగపు చీకటి అన్నిటిలోనూ అక్కడే నిలబడి డ్యూటీ చేస్తారు. పైకి చేరడానికి సుమారు అయిదు గంటలు, దిగడానికి మూడున్నర. ఇంతకంటే బస్సు త్వరగా పోతుంది. అయినా 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వంగా గుర్తించిందంటే, ప్రపంచంలో త్వరగా పోవడమే గొప్ప కాదని ఒకరైనా ఒప్పుకున్నారన్నమాట. వర్షాలకు కొండచరియలు విరిగిపడి లైను మూసివేయడం తరచు జరుగుతుంది. కనుక వానాకాలంలో దీన్నే నమ్ముకుని కార్యక్రమం వేసుకోవద్దు.

స్వాతంత్ర్యం తరువాత కొండమీది సెక్రటేరియట్‌కు పని లేకపోయింది. స్టోన్‌హౌస్ 1955లో ప్రభుత్వ కళాశాల అయింది. దొరల కచేరీలో బడగల పిల్లలు, తోడల పిల్లలు డిగ్రీ చదవడం ఈ కథలో నాకు నచ్చిన మలుపు. రాజుల భవనాలు హోటళ్ళు, అతిథి గృహాలు అయ్యాయి. గవర్నరు వేసవిలో కొద్ది రోజులు ఊటీకి రావడం మాత్రం పాత అలవాటు మిగులుగా ఇంకా ఉన్నది. వారి స్థానంలో వచ్చినవారం మనం. కొత్తగా పెళ్ళయినవారు, బడి పిల్లలు, ఎల్.టి.సి. కుటుంబాలు, సినిమావారు. 1989లో వచ్చిన 'గీతాంజలి' చిత్రం చూసి ఆ పొగమంచు కోసమే ఊటీ వెళ్ళిన తెలుగు యువకులు ఎందరో! ఒకప్పుడు కొన్ని వందల కుటుంబాలకు వేసిన పందిరి కింద లక్షలమంది చేరారు. ఇది సంతోషించవలసిన విషయమే. దొరలకు ఉన్న చల్లదనం మనకూ దక్కింది. కాని కొండ అంతే ఉన్నది, పెరగలేదు.

సలివన్ చెరువు సంగతి చూడండి. మొదట ఉన్న నీటి విస్తీర్ణం ఇప్పుడు లేదు. ఒక వైపు పూడ్చిన నేలమీద పందేల మైదానం, బస్‌స్టాండు వెలిశాయి. ఊరి మురుగు కోడప్పమందు కాలువ ద్వారా చెరువులోకి చేరుతున్నదని ఎన్నో ఏళ్ళుగా గోల. కట్టెపుల్లల కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్ చెట్టుకు మనం నీలగిరి చెట్టు అని పేరు పెట్టుకున్నాము గాని, అది నీలగిరుల చెట్టు కాదు. ఆ కొండల సొంత సంపద పచ్చిక బయళ్ళు, వాగుల వెంట గుబురుగా పెరిగే షోలా అడవులు. వాన నీటిని పట్టి ఉంచి ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వదిలేవి అవే. తేయాకు, యూకలిప్టస్, వాటిల్ తోటలు వాటి చోటు ఆక్రమించాయి. సీజనులో లక్షలమంది కొండెక్కి, కుళాయి తిప్పినప్పుడు నీళ్ళు తక్కువైనాయని హోటలువాడితో తగువు పడేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

జిల్లా యంత్రాంగం చేతులు కట్టుకు కూర్చోలేదు. 2000 ప్రాంతంలోనే నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ సంచులను నిషేధించారు. దేశంలో ఇంత గట్టిగా, ఇంత ముందుగా ఈ పని చేసిన జిల్లాలు తక్కువ. తనిఖీ చేసి నీళ్ళ సీసాలు తీసేసుకుంటే కోప్పడకండి. 2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వం లీజు బకాయిల వ్యవహారంలో పందేల మైదానం 52 ఎకరాల పైచిలుకు స్వాధీనం చేసుకుంది. దొరల సీజనుకు మిగిలిన గుర్తులలో పెద్దది అలా పోయింది. ఆ చోట అందరూ తిరిగే పార్కు తేవాలని సంకల్పం. అదే ఏడాది మద్రాసు హైకోర్టు ఆదేశంతో మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కు వచ్చే వాహనాలకు ఈ-పాస్ పెట్టారు. సీజనులో రోజుకు ఇరవై వేల దాకా వాహనాలు నీలగిరులకు వస్తున్నాయన్న లెక్క కోర్టు ముందుకు వచ్చింది. 2025 వేసవికి మామూలు రోజులలో 6,000, వారాంతాలలో 8,000 వాహనాలు అని పరిమితి విధించారు. హోటళ్ళవారు, వర్తకులు ఇది తమ పొట్టమీద కొట్టడమేనని ఆందోళన చేశారు. వారి బాధ అబద్ధం కాదు. మూడు నెలల సంపాదనతో పన్నెండు నెలలు గడపవలసినవారు వారు. అయినా ఎవరో ఒకరు ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. ఆనాడు జనం కొండకు పోకుండా హోదా అడ్డుకున్నది. ఈనాడు అంకె అడ్డుకుంటున్నది. రెంటిలో అంకె నయం. దానికి మనిషి ఎవరన్నది పట్టదు.

ఇక వెళ్ళదలచిన మిత్రులకు నాలుగు మాటలు. మే మూడో వారం పూలు బాగుంటాయి, గదులు దొరకవు. మన వయస్సువారికి మార్చి నెలాఖరు గాని, సెప్టెంబరు చివర గాని మేలు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడిగి మరీ బయలుదేరండి. 2,637 మీటర్ల దొడ్డబెట్టమీద నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. మొదటి రోజు ఎక్కడికీ తిరగవద్దు, గదిలో విశ్రాంతి తీసుకోండి. స్వెట్టరు, మఫ్లరు, చెవులకు టోపీ మే నెలలో కూడా పెట్టెలో ఉండాలి. హైదరాబాదు, గుంటూరు వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరులో దిగవచ్చు. చెన్నై మీదుగా పోయేవారికి రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఉన్నది. తెల్లవారి మేట్టుపాళయంలో దిగితే ఎదురుగా కొండ రైలు సిద్ధంగా ఉంటుంది. దానికి సీట్లు కొద్ది. నెలల ముందే రిజర్వు చేయించుకోవాలి. కుదరకపోతే కూనూరు దాకా బస్సులో పోయి అక్కడి నుంచి ఊటీకి రైలెక్కినా సరదా తీరుతుంది. తిరుగు ప్రయాణంలో తైలం సీసాతో పాటు ఊటీ వర్కీ కూడా కొనండి. పొరలు పొరలుగా కరకరలాడే ఆ బిస్కత్తుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పళ్ళ సెట్టు ఉన్నవారు టీలో ముంచుకు తినాలి.

ఈ-పాస్ అనగానే సెల్‌ఫోను, ఇంటర్నెట్టు తెలియదే అని బెంగపడనక్కరలేదు. సొంత కారు, టాక్సీ పెట్టుకుని వెళ్ళేవారికే ఆ నిబంధన పెట్టారు. రైలులోనూ, ప్రభుత్వ బస్సులోనూ వెళ్ళేవారికి దానితో పని లేదు.